వైద్య కళాశాలలో డాక్టరు కాని చదువు: సైబరాబాద్ చుట్టూ జీవవైద్య ఎం.ఎస్సీ. దారులు

జీవవైద్య శాస్త్రాలన్న పేరు కింద చాలా చదువులు చేరతాయి. శరీర నిర్మాణం, శరీరధర్మం, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం, ఔషధశాస్త్రం అందులో పాతవి. జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రం, రోగనిరోధకశాస్త్రం తరువాతి తరానివి. బయోఇన్ఫర్మాటిక్స్, వైద్య భౌతికశాస్త్రం, పోషకాహార శాస్త్రం, ప్రజారోగ్యం వాటి సరసన వచ్చి చేరినవి. వీటన్నిటినీ కలిపే లక్షణం ఒకటే: ఇవి రోగాన్ని చదువుతాయి, రోగికి మందు రాయవు. వీటిలో ఎం.ఎస్సీ. చేసినవారు ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకోవచ్చు, ప్రయోగశాలను నడపవచ్చు, కాబోయే డాక్టర్లకు పాఠం చెప్పవచ్చు. వైద్యం మాత్రం చేయరాదు. ఈ గీత స్పష్టంగా తెలియకపోవడం వల్లనే ఈ చదువుల్లో చేరే విద్యార్థులకు నిరాశ ఎక్కువగా ఎదురవుతోంది.

ఈ చదువులను తూచడానికి సైబరాబాద్‌గా పిలిచే హైదరాబాద్ పడమటి అంచు మంచి చోటు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఆ పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974 నాటిది. ఇప్పుడు ఈ ప్రాంతం పొడవునా ఆసుపత్రులున్నాయి, విదేశీ ఔషధ సంస్థల కార్యాలయాలున్నాయి, వైద్య పరికరాలు రూపొందించే కేంద్రాలున్నాయి. అయితే నగరంలోని పాత ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇక్కడ లేవు. ఉస్మానియా కోఠీలో ఉంది, గాంధీ ముషీరాబాద్‌లో ఉంది. చదువు చెప్పే వైద్య కళాశాల నగరానికి ఒక పక్క, ఆ చదువుకు జీతమిచ్చే కార్యాలయం మరో పక్క ఉండిపోయాయి. ఇది కేవలం దూరం సమస్య కాదని ముందు ముందు తెలుస్తుంది.

వైద్య విద్యాలయంలో పరిశోధనకు హైదరాబాద్‌లో పాత చరిత్రే ఉంది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం. ఎడ్వర్డ్ లారీ ఆ స్కూలు అధిపతిగా ఉండగా ఒక ప్రశ్న వైద్య ప్రపంచాన్ని కుదిపేస్తోంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగి చనిపోతే ముందు ఆగేది శ్వాసా, గుండెనా? దీన్ని తేల్చడానికి 1888లో ఒక కమిషన్, 1889లో మరో కమిషన్ ఇక్కడే కూర్చున్నాయి. ఖర్చు నిజాం ప్రభుత్వం భరించింది. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులపై ప్రయోగాలు జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుందని లారీ తేల్చాడు. ఆ తీర్మానం తరువాతి పరిశోధనలో నిలవలేదు. అయినా ఒక సంగతి మిగిలింది. పడక పక్కన పుట్టిన ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు వెతకడమన్నది ఈ ఊళ్లో నిన్న మొన్నటి అలవాటు కాదు. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది కూడా ఆ తరువాతి దశాబ్దంలోనే.

అమెరికాలో ఈ చదువులకు వేరే సందర్భం ఉంది. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ తరువాతే వైద్య విద్యలో చేరతారు. డిగ్రీ మార్కులు కాస్త తగ్గినవారు వైద్య కళాశాలలోనే ఒకటి రెండేళ్ల మాస్టర్స్ చేసి, ఎం.డి. విద్యార్థుల పక్కనే కూర్చుని అవే పాఠాలు చదివి, తమ సత్తా నిరూపించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటారు. వీటిని స్పెషల్ మాస్టర్స్ కోర్సులంటారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని కోర్సు వీటిలో బాగా పేరున్నది. అక్కడ ఇది వైద్య విద్యకు వంతెన. మన దేశంలో ఆ వంతెన లేదు. ఎం.బి.బి.ఎస్. సీటుకు నీట్ ర్యాంకు ఒక్కటే కొలమానం. ఎం.ఎస్సీ.లో బంగారు పతకం వచ్చినా ఆ ర్యాంకుకు ఒక్క మార్కు కలవదు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారు కాబట్టి ఎం.ఎస్సీ. తరువాత కూడా పరీక్ష రాయవచ్చు. అప్పుడు మళ్లీ ఇంటర్మీడియట్ పుస్తకాలే తిరగేయాలి. అందువల్ల సీటు రాలేదన్న బాధ తీర్చుకోవడానికి వైద్య కళాశాలలో ఎం.ఎస్సీ. చేరడం అంత తెలివైన పని కాదు. ఆ చదువును దాని కోసమే కోరుకునేవారికి మాత్రం అది చాలా ఇస్తుంది.

ఎంత ఇస్తుందో చెప్పడానికి ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణం పాఠం చెప్పారు. 1922లో బోస్టన్ వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేసి, అక్కడి జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. ఆ పనికి కొనసాగింపుగా బయటపడ్డాయి. 1930లో పిహెచ్.డి. అందుకున్నారు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, లుకేమియా చికిత్సకు దారి తీసిన అమినోప్టెరిన్, ఫైలేరియాకు హెట్రజాన్ ఆయన నడిపిన బృందాల ఫలాలు. 1948లో మరణించేదాకా ఆయన ప్రాక్టీసు పెట్టలేదు. వైద్యుడు రోగిని వదిలి ప్రయోగశాలకు వెళ్లినా రోగికే ఎక్కువ మేలు జరగవచ్చనడానికి తెలుగునాట ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

ఇక దారుల సంగతి. వైద్య కళాశాలలో నేరుగా చేసే చదువు మెడికల్ ఎం.ఎస్సీ. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ దాని ప్రధాన శాఖలు. మామూలు ఎం.ఎస్సీ. రెండేళ్లయితే ఇది సాధారణంగా మూడేళ్లు. మొదటి ఏడాది ఏ శాఖలో చేరినవారైనా మానవ శరీరాన్ని మొత్తంగా చదవాలి. మిగతా రెండేళ్లు సొంత శాఖ, సిద్ధాంత వ్యాసం. జీవశాస్త్రాల్లో బి.ఎస్సీ. ఉన్నవారు చేరవచ్చు. సాధారణ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ చదివినవారికి ఎంజైము గతిశాస్త్రం బాగా వస్తుంది. మెడికల్ బయోకెమిస్ట్రీ చదివినవారికి కామెర్ల రోగి రక్తంలో ఏ బిలిరుబిన్ ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. మొదటివారికి పరిశోధనశాల, రెండోవారికి ఆసుపత్రి ల్యాబ్ సహజమైన చోటు. పట్టా మీద రెండింటికీ దాదాపు ఒకే పేరుండటమే చిక్కు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సీట్లు తక్కువ. అందువల్ల ఇక్కడి విద్యార్థులు మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాలకో, పుదుచ్చేరిలోని జిప్‌మర్‌కో, ఢిల్లీ ఎయిమ్స్‌కో వెళ్తుంటారు. ఎయిమ్స్‌లో అనాటమీ, ఫిజియాలజీ వంటి శాఖలతో పాటు బయోఫిజిక్స్ కూడా ఉంది. రెండు రాష్ట్రాల్లో వైద్య కళాశాలల పట్టాలు ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలోవి. ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో 1986లో వచ్చిన ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. సీట్ల సంఖ్య కన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఈ పట్టాతో వచ్చే ఉద్యోగం నిబంధన మారితే మారిపోతుంది.

మెడికల్ ఎం.ఎస్సీ. వారికి సంప్రదాయంగా దొరికిన కొలువు వైద్య కళాశాలలో బోధన. పాత భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ విభాగాల్లో 30 శాతం దాకా, బయోకెమిస్ట్రీలో 50 శాతం దాకా అధ్యాపకులు ఎం.బి.బి.ఎస్. లేనివారు కావచ్చు. 2020లో మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. అదే ఏడాది వచ్చిన కనీస ప్రమాణాలు ఈ వాటాను అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో 15 శాతానికి కుదించాయి. మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో తలుపు పూర్తిగా మూసేశాయి. మూడేళ్లు చదివి, ఆపై పిహెచ్.డి. చేసి వచ్చినవారు ఉద్యోగ ప్రకటనలో తమ శాఖే లేకపోవడం చూడవలసి వచ్చింది. 2025 జూలైలో వచ్చిన అధ్యాపక అర్హతల నిబంధనలు ఎం.ఎస్సీ., పిహెచ్.డి. రెండూ ఉన్నవారికి ఆ రెండు శాఖల తలుపులు మళ్లీ తెరిచాయి. ఐదేళ్లలో మూసి తెరిచిన తలుపు ఇది. దీన్ని నమ్ముకుని చేరేవారు నిబంధనల్లో ఆ రోజుకు ఏముందో స్వయంగా చదువుకోవాలి. సీనియర్లు చెప్పేది వారు చేరిన నాటి నిబంధన.

ఇలాంటి గురువుల అవసరం ఎంత ఉందో కొత్త కళాశాలలను చూస్తే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో ఒకే రోజు ఎనిమిది, 2023 సెప్టెంబరులో ఒకే రోజు తొమ్మిది వైద్య కళాశాలలు ప్రారంభించింది. కొత్త కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థికి కావలసింది కార్డియాలజిస్టు కాదు, శవచ్ఛేదన నేర్పే అనాటమీ గురువు. ఎం.బి.బి.ఎస్. చదివినవారిలో అనాటమీలో ఎం.డి. కోరుకునేవారు తక్కువ. ప్రాక్టీసు లేని శాఖ కాబట్టి ఆ సీట్లు ఖాళీగా మిగలడం మామూలే. జిల్లా కేంద్రాల్లో ఆ ఖాళీని పూరించగలిగేది ఎం.ఎస్సీ. చేసిన గురువులే. వారిని రెండో తరగతి అధ్యాపకులుగా చూడటం కళాశాలలకే నష్టం.

ఇంకో తగవు ల్యాబ్ రిపోర్టు మీద సంతకానిది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ల్యాబ్ రిపోర్టుపై పాథాలజీలో పి.జి. చేసిన నమోదిత వైద్యుడి ప్రతిసంతకం ఉండాలని చెప్పింది. 2020లో కేంద్రం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ నిబంధనలను సవరించి, తగిన అనుభవమున్న ఎం.ఎస్సీ. వారు తమ శాఖ పరీక్షల ఫలితాలపై సంతకం చేయవచ్చని, అభిప్రాయం మాత్రం రాయరాదని తేల్చింది. చక్కెర ఎంత ఉందో చెప్పవచ్చు, మధుమేహం ఉందని చెప్పరాదు. గీత సన్ననిదే అయినా న్యాయమైనదే.

హైటెక్ సిటీకి దగ్గరలో మరో రకం సంస్థ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఎం.బి.బి.ఎస్. లేదు, బోధనాసుపత్రీ లేదు. ప్రజారోగ్యంలో మాస్టర్స్ ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థతో కలిసి నడిపే సమీకృత ఆప్టోమెట్రీ మాస్టర్స్ ఉంది. విశ్వవిద్యాలయం క్లాసు చెబుతుంది, 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఆసుపత్రి రోగులను చూపిస్తుంది. జీవవైద్య శాస్త్రాలు నేర్పడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు. మెదడు, మనసుల అధ్యయనంపై న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎం.ఎస్సీ. కూడా ఈ ప్రాంగణంలో ఉంది. పక్కనున్న స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటి ఎం.ఎస్సీ.లున్నాయి. బయోటెక్నాలజీకి ప్రవేశం కేంద్ర బయోటెక్నాలజీ శాఖ తరఫున జరిగే గ్యాట్–బి పరీక్ష ద్వారా.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నడిపే ఎం.ఎస్సీ.లు వేరే కోవలోవి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల ఇది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇక్కడ అనువర్తిత పోషకాహారం, క్రీడా పోషకాహారం నేర్పుతారు. ఈ సంస్థ పరిశోధన ఎలాంటిదో ఒక ఉదాహరణ చాలు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది, కొన్ని ఊళ్లకు ఆ పథకం ఇంకా చేరలేదు. తరువాతి దశాబ్దాల్లో ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకుని, కొలిచి, రక్తం పరీక్షించి, కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండికి పెద్దయ్యాక గుండెజబ్బు ముప్పుకు ఉన్న సంబంధాన్ని పరిశోధకులు చూస్తున్నారు. ఇలాంటి పనిలో ఒక్కసారి పాల్గొన్న ఎం.ఎస్సీ. విద్యార్థికి అధ్యయన రూపకల్పన అంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కర్లేదు.

జన్యుశాస్త్రానికి తెలుగు సమాజంలో ప్రత్యేకమైన గిరాకీ ఉంది. మేనరికాలు ఇక్కడ తరతరాల ఆచారం. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న లోపం బిడ్డలో బయటపడే అవకాశం దీనివల్ల పెరుగుతుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో సూడోకోలినెస్టరేజ్ ఎంజైము లోపం ఇతరుల కన్నా ఎక్కువగా కనబడుతుంది. శస్త్రచికిత్సకు ముందు సక్సినైల్‌కోలిన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో తగ్గాల్సిన కండరాల సడలింపు అటువంటివారిలో గంటల పాటు నిలిచిపోతుంది. మత్తు వైద్యుడికి ముందే తెలిస్తే ఆ మందు మానేస్తే సరిపోతుంది. 2009లో కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) పరిశోధకులు ప్రచురించిన పనిలో గుండె కండరపు జన్యువు ఒకదానిలో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని, అది గుండె విఫలం కావడానికి దారి తీయవచ్చని తేలింది. ఇలాంటి ఫలితాన్ని ఒక కుటుంబానికి వారి భాషలో, భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా వివరించడం జన్యు సలహాదారు పని. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యు వ్యాధుల సంస్థను ఓ.ఎస్. రెడ్డి స్థాపించారు. ఉస్మానియా జన్యుశాస్త్ర ఎం.ఎస్సీ.కి ప్రవేశం సీపీగెట్ పరీక్ష ద్వారా. ఇంగ్లిషులో ప్రోబబిలిటీ లెక్క వచ్చి, తెలుగులో దాన్ని చెప్పలేని పట్టభద్రుడు ఈ పనికి సగమే పనికొస్తాడు.

వైద్య భౌతికశాస్త్రం జీవశాస్త్రం వారిది కాదు, భౌతికశాస్త్రం బి.ఎస్సీ. వారిది. కేన్సర్ రోగికి రేడియేషన్ ఎంత, ఏ కోణంలో, ఎన్ని విడతల్లో అన్న లెక్క వీరిదే. ఐ.ఐ.టి. హైదరాబాద్, బసవతారకం ఇండో అమెరికన్ కేన్సర్ ఆసుపత్రి కలిసి ఈ ఎం.ఎస్సీ. నడుపుతున్నాయి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ లేకుండా పట్టా మాత్రంతో పని దొరకదు. దరఖాస్తు పెట్టేముందు ఏ కోర్సులోనైనా ఇంటర్న్‌షిప్ ఉందో లేదో చూసుకోవలసింది ఇందుకే. క్లినికల్ ఎంబ్రియాలజీదీ ఇదే కథ. సంతాన సాఫల్య కేంద్రాలపై 2021లో చట్టం వచ్చాక ఎంబ్రియాలజిస్టుకు ఏ అర్హత ఉండాలో నిబంధనల్లోకి ఎక్కింది. ఆసుపత్రి వద్ద కొన్నాళ్లు తిరిగి నేర్చుకున్నవారి కాలం ముగిసింది. అదే 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పది వర్గాల వృత్తులను గుర్తించింది. మొదటి వర్గంలోనే వైద్య ప్రయోగశాల, జీవశాస్త్రాలవారు ఉన్నారు. రాష్ట్ర స్థాయి మండళ్లు, రిజిస్టర్లు పూర్తిగా కుదురుకున్నప్పుడే దాని ఫలం కనబడుతుంది.

ఔషధశాస్త్రం వైపు బాలానగర్‌లోని నైపర్ ఉంది. అది ఫార్మసీ పట్టభద్రులకు ఎం.ఎస్. ఫార్మ్ ఇస్తుంది. ఈ చదువులను పుష్టిగా నిలబెట్టేది పరిశ్రమ. 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకాను దేశంలోనే తయారు చేసి ధరను నేలకు దించింది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, అక్కడ భారత్ బయోటెక్, నగరంలో బయలాజికల్ ఇ, డాక్టర్ రెడ్డీస్ ఉండటంతో సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనం చదివినవారికి టీకా తయారీ, నాణ్యత పరీక్ష, స్థిరత్వ అధ్యయనాల్లో పని దొరుకుతుంది. ఇక్కడ అడిగేది పుస్తక జ్ఞానం కన్నా క్రమశిక్షణ. చేసింది రాయాలి, రాసింది చెరపరాదు. తప్పు పడితే ఒక గీత గీసి, పక్కన తారీఖు వేసి, సంతకం పెట్టాలి.

హైటెక్ సిటీ, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ కార్యాలయాల్లో ప్రయోగశాల వాసన రాదు. నొవార్టిస్, సనోఫీ, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఆమ్జెన్, ఎలై లిల్లీ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. మెడ్‌ట్రానిక్ ఇంజనీరింగ్ కేంద్రం నానక్‌రామ్‌గూడలో ఉంది. ఇక్కడ ఎం.ఎస్సీ. పట్టభద్రులకు ఎక్కువగా దొరికే పని మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ. ఆ పనిలో ఉన్నవారు దాన్ని పీవీ (ఫార్మకోవిజిలెన్స్) అంటారు. ఎక్కడో ఒక రోగికి మందు వేసుకున్నాక దద్దురు వచ్చిందని ఒక కబురు వస్తుంది. ఆ కబురులో నాలుగు సంగతులున్నాయా అని ముందు చూస్తారు: గుర్తించదగిన రోగి, చెప్పిన మనిషి, అనుమానిత మందు, జరిగిన హాని. నాలుగూ ఉంటే కేసు. హానిని మెడ్‌డ్రా అనే పదకోశంలోని సరైన పదానికి జత చేయాలి. తీవ్రమైనదీ, ఊహించనిదీ అయితే ఔషధ నియంత్రణ సంస్థకు 15 రోజుల్లో చేరాలి. క్లినికల్ ట్రయల్‌లో ప్రాణాపాయమైతే 7 రోజులే. కేసు కథనం రాసేటప్పుడు ఫార్మకాలజీ చదివినవారికి, చదవనివారికి తేడా వెంటనే తెలుస్తుంది. కాలేయ ఎంజైములు మందుకు ముందే పెరిగి ఉన్నాయా, తరువాత పెరిగాయా అన్నది చదవని కంటికి కనబడదు.

పీవీ ఉద్యోగంలో ఒక ప్రమాదం కూడా ఉంది. రోజుకు ఇన్ని కేసులని లక్ష్యం పెట్టిన చోట ఎం.ఎస్సీ. నేర్పిన ఆలోచన కొన్నాళ్లకు మొద్దుబారుతుంది. ఇందులో యాంత్రికంగా సాగే భాగాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు నెమ్మదిగా తీసుకుంటున్నాయి. మిగిలేది వైద్యపరమైన తీర్పు, సంకేతాల విశ్లేషణ, నియంత్రణ పత్రాల రచన. కాబట్టి ఈ కార్యాలయాలకు వెళ్లదలచినవారికి మెడికల్ ఫార్మకాలజీ గట్టి పునాది. క్లినికల్ డేటా, బయోస్టాటిస్టిక్స్ వైపు వెళ్లేవారికి ఎస్.ఎ.ఎస్., ఆర్ భాషలతో పాటు ట్రయల్ సమాచారాన్ని నియంత్రణ సంస్థలు కోరే సీడిస్క్ పద్ధతిలో అమర్చడం రావాలి. ఆ వైపు గణాంకశాస్త్రం ఎం.ఎస్సీ. వారిదే పైచేయి. దాన్ని ఒప్పుకోవడంలో తప్పు లేదు.

కంప్యూటేషన్ వైపు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రం పరిశోధన ద్వారా ఎం.ఎస్. ఇస్తుంది. ఇక్కడ చేరేవారికి ప్రోటీన్ అణువు ఎంత తెలియాలో ప్రోగ్రామింగ్ అంత రావాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆరోగ్య రంగం వైపు మారాలనుకునేవారు ఈ కారిడార్‌లో చాలామంది ఉన్నారు. వారికి పూర్తి స్థాయి ఎం.ఎస్సీ. కన్నా ప్రజారోగ్యంలో మాస్టర్స్ మేలు చేయవచ్చు. ఉదాహరణకు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో ఒక్కో శస్త్రచికిత్సకు ఒక్కో నమోదు ఉంది. ఏ జిల్లాలో ఏ ఆపరేషన్ ఎక్కువ జరుగుతోంది, అది రోగ భారం వల్లనా, ఆసుపత్రుల ఆసక్తి వల్లనా అన్న ప్రశ్నకు జవాబు ఆ సమాచారంలోనే ఉంది. కోడ్ రాయగలిగి, ఎపిడెమియాలజీ తెలిసినవారు మాత్రమే దాన్ని బయటకు తీయగలరు.

విదేశాలకు వెళ్లేవారు మరో లెక్క చూసుకోవాలి. అమెరికాలో బయోమెడికల్ సైన్సెస్ పేరుతో ఉన్న మాస్టర్స్ కోర్సుల్లో కొన్ని పైన చెప్పిన వంతెన కోర్సులే. ఆ దేశపు ఎం.డి. ప్రవేశాల కోసం రూపొందినవి. వాటిలో పరిశోధన వ్యాసం ఉండకపోవచ్చు, ఆర్థిక సాయం అసలే ఉండకపోవచ్చు. విదేశీ విద్యార్థిని చేర్చుకునే వైద్య కళాశాలలు అక్కడ తక్కువ. కాబట్టి మన విద్యార్థికి ఆ వంతెన అవతల ఒడ్డు ఉండదు. పిహెచ్.డి. ఉద్దేశం ఉన్నవారు మాస్టర్స్‌కు డబ్బు పోయడం కన్నా, ఇక్కడే సి.సి.ఎం.బి., ఉప్పల్‌లోని డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం వంటి చోట ప్రాజెక్టు పని చేసి నేరుగా పిహెచ్.డి.కి దరఖాస్తు పెట్టడం మంచిది. అక్కడి జీవవైద్య పిహెచ్.డి.లకు సాధారణంగా స్టైపెండ్ ఉంటుంది, మాస్టర్స్‌కు ఉండదు.

ఏ కోర్సునైనా ఎంచుకునేముందు అడగవలసిన ప్రశ్నలు కొన్నే. పట్టా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం? ఆ వృత్తిని నియంత్రించేది ఎవరు, వారి నిబంధనల్లో ఈ పట్టా పేరు యథాతథంగా ఉందా? మెడికల్ అన్న మాట పట్టాలో ఉందా, ప్రచార పత్రంలో మాత్రమే ఉందా? ఆసుపత్రి ఉందా, ఉంటే విద్యార్థి అక్కడ ఎన్ని నెలలు గడుపుతాడు? సిద్ధాంత వ్యాసం సొంత సమాచారంతో చేయిస్తారా? ఈ చివరిదానికి జవాబు సరిగా లేని కళాశాలకు ఎంత పెద్ద భవనం ఉన్నా వెళ్లకపోవడమే మేలు.

మిగిలింది కళాశాలలు, విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు రోజూ వచ్చే రోగుల్లో, వారి నమూనాల్లో, పాత కేసు పత్రాల్లో ఎన్నో ప్రశ్నలు జవాబు లేకుండా ఉన్నాయి. గచ్చిబౌలిలో ఆ ప్రశ్నలకు లెక్క కట్టగల గురువులు, కంప్యూటర్లు ఉన్నాయి. ఉద్యోగమిచ్చే సంస్థలు రాయదుర్గం మెట్రో స్టేషన్ చుట్టూనే ఉన్నాయి. ఆప్టోమెట్రీలో ఒక విశ్వవిద్యాలయం, ఒక నేత్ర ఆసుపత్రి కలిసి చూపిన పద్ధతి కళ్లెదుట ఉంది. అదే పద్ధతిలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ కలిసి మూడేళ్ల ఉమ్మడి మెడికల్ ఎం.ఎస్సీ. ప్రారంభించాలి. మొదటి ఏడాది కోఠీలో శవచ్ఛేదన గదిలో, రెండో ఏడాది గచ్చిబౌలి ప్రయోగశాలలో, మూడో ఏడాది ఆసుపత్రి సమాచారంతో సొంత వ్యాసంపై గడవాలి. సీట్లు ఇరవై చాలు. ఫీజు ప్రభుత్వ కళాశాల ఫీజే ఉండాలి.